మద్రాసు హైకోర్టు ఆవరణలోని పాత దీపస్తంభం (లైట్‌హౌస్) ఫొటో ఏ సంవత్సరానిదో తేల్చడానికి సహాయం కావాలి

చెన్నైలో మా ఇంటి పాత పెట్టెలో దొరికిన ఒక ఫొటో కాలాన్ని నిర్ణయించలేకపోతున్నాను. అట్టకు అంటించిన ఆ నలుపు తెలుపు ఫొటో సుమారు ఐదున్నర అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంది. వెనుక తేదీ గాని, స్టూడియో ముద్ర గాని లేవు. ఎడమవైపు 1844లో వెలిగించిన, డోరిక్ అనే ప్రాచీన గ్రీకు శైలిలోని రాతి దీపస్తంభం, దాని వెనుక 1892లో పూర్తయిన హైకోర్టు భవనం కనిపిస్తున్నాయి. కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

1894లో దీపాన్ని హైకోర్టు గోపురం మీదికి మార్చారు. నా ఫొటోలో రాతి స్తంభం కొసన అద్దాల దీపపు గది స్పష్టంగా ఉంది, కానీ గోపురం శిఖరం మసకబారింది. 1200 డీపీఐలో స్కాన్ చేసి, కాంట్రాస్టు పెంచి చూసినా అక్కడ దీపం ఉందో లేదో తెలియలేదు. నగరంలో ట్రాములు 1895లో మొదలయ్యాయి గనుక పట్టాల కోసం కూడా వెతికాను. దురదృష్టవశాత్తు రోడ్డు ఉండవలసిన భాగమే చిరిగిపోయింది. ఇటీవల స్తంభం దగ్గరికి వెళ్లి అదే కోణంలో ఫొటో తీసి పోల్చినా, చెట్లు అడ్డురావడంతో ఫలితం లేకపోయింది. ఇంత అపురూపమైన చిత్రాన్ని తప్పుడు తేదీతో భద్రపరచడం నాకు ఇష్టం లేదు.

దీపం గోపురానికి మారిన వెంటనే రాతి స్తంభం మీది అద్దాల గదిని తొలగించారా, లేక అది మరికొన్నేళ్లు అక్కడే ఉందా?