తెల్లవారుజాము దాకా సాగే టెన్నిస్ మ్యాచ్‌లను కామెంటేటర్లు పొగడటం సరైనదేనా? (చెన్నై పేటల పేర్లతో ముగ్గురు అభిమానుల చర్చ)

టీనగర్:
2023 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ముర్రే, కొక్కినాకిస్ మ్యాచ్‌ని చెన్నైలో మనం భోంచేసి హాయిగా చూశాం. ముగిసేసరికి మనకి 10:35. మెల్‌బోర్న్‌లో తెల్లవారుజామున 4:05! 5 గంటల 45 నిమిషాల ఆట. రెండు సెట్లు పోగొట్టుకుని గెలిచాడు ముర్రే, గొప్ప ఆటే. కానీ ఇలాంటి రాత్రుల్లో నేను విన్న కామెంటరీ అంతా 'చరిత్ర', 'మహా పోరాటం' చుట్టూనే తిరుగుతుంది. అంత పొద్దుపోయాక మొదలెట్టిందెవరని గట్టిగా అడగరు. చివరికి ఆటగాడే అనాల్సొచ్చింది: తన బిడ్డ బాల్ కిడ్‌గా (కోర్టులో బంతులు ఏరి అందించే పిల్లల్లో ఒకరిగా) వెళ్ళి పొద్దున అయిదింటికి ఇల్లు చేరితే తండ్రిగా ఊరుకోనన్నాడు ముర్రే. టోర్నీ డైరెక్టర్ క్రెయిగ్ టైలీ మాత్రం షెడ్యూల్ మార్చక్కర్లేదన్నారు. నైట్ సెషన్ ప్రసార హక్కులు కొనుక్కున్న ఛానెలే కామెంటేటర్‌కి డబ్బిస్తుంటే, అతను దాన్ని తప్పుపట్టగలడా?

అన్నానగర్:
అన్నా, ఒప్పుకోను. అయిదు సెట్ల ఆట ఎప్పుడు ముగుస్తుందో ఎవరు చెప్పగలరు? నుంగంబాక్కంలో చెన్నై ఓపెన్ జరిగిన రోజుల్లో ఆఫీసు ముగించుకుని మనం చూడగలిగింది సాయంత్రం మ్యాచ్‌లే కదా. రాత్రి 11కి ఆపేసే వింబుల్డన్‌లో ఏమైంది? అదే ఏడు, అదే ముర్రే, సిట్సిపాస్ మీద 2-1 సెట్ల ఆధిక్యంలో ఉండగా ఆట ఆపారు. మర్నాడు ఓడిపోయాడు. అది న్యాయమా?

పెరంబూరు:
2022లో నుంగంబాక్కంలో ఆడవాళ్ళ డబ్ల్యూటీఏ టోర్నీకి మా అక్క కూతురు బాల్ గర్ల్‌గా చేసింది. నెట్ పక్కన ఒంటి మోకాలి మీద కూర్చోవాలి, బంతి నెట్‌కి తగిలి పడగానే లేచి పరిగెత్తాలి. రాత్రి ఇంటికొచ్చేసరికి ఆ మోకాలు కందిపోయి ఉండేది. అందుకే తెల్లవారుజాము 4 అంటే నాకు ముందు పిల్లలే గుర్తొస్తారు.
ఇంకో మాట. ఫ్రెంచ్ ఓపెన్‌లో రాత్రికి ఒక్కటే మ్యాచ్. 2024, 2025లో అందులో ఆడవాళ్ళది ఒక్కటీ లేదు. ఆడవాళ్ళ మూడు సెట్ల ఆట తొందరగా అయిపోతుందేమోనని నిర్వాహకుల భయం. రాత్రిపూట తొందరగా అయిపోవడమే కదండీ మనకి కావలసింది!

టీనగర్:
పెరంబూరు మేడం మాటే నాదీ. అన్నానగర్ తమ్ముడూ, వింబుల్డన్‌లో తప్పు 11 గంటల నిబంధనది కాదు, సెంటర్ కోర్టులో ఆట మధ్యాహ్నం 1:30కి మొదలెట్టడానిది. 2024 నుంచి మగవాళ్ళ ఏటీపీ, ఆడవాళ్ళ డబ్ల్యూటీఏ టోర్నీల్లో రాత్రి 11 తర్వాత మామూలుగా మ్యాచ్ మొదలెట్టరు. ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ లాంటి గ్రాండ్ స్లామ్‌లకి ఆ నిబంధన లేదు. ఉన్నా చాలదు, ముర్రే మ్యాచ్ మొదలైంది 10:20 ప్రాంతంలో. అయిదు సెట్ల ఆట మొదలెట్టడానికి గడువు రాత్రి తొమ్మిదిన్నరైనా ఉండాలి. 2024 ఫ్రెంచ్ ఓపెన్‌లో వాన వల్ల ముందు ఇంకో మ్యాచ్ దూర్చారు, దాంతో జొకోవిచ్, ముసెట్టి ఆట తెల్లవారుజామున 3:07కి ముగిసింది. తర్వాతి రౌండ్‌లోనే జొకోవిచ్ మోకాలికి దెబ్బ, క్వార్టర్ ఫైనల్ ఆడకుండానే తప్పుకున్నాడు. నిద్రలేమే కారణమని నేననను. ఆ ప్రశ్న మైకులో గట్టిగా వినబడాలంటాను.

అన్నానగర్:
తొమ్మిదిన్నర గడువు దాటితే మ్యాచ్‌ని వేరే కోర్టుకి మార్చాలి. పెద్ద స్టేడియానికి టికెట్ కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కిస్తారా? అది తేలిస్తే నేనూ మీ వైపే.