1893లో విక్టోరియా మునక: ఆజ్ఞ పాటించిన మార్కమ్‌ది తప్పా, కాదా?

కోరంగి మాస్టారు

నిన్న పదో తరగతి పిల్లలకు వృత్తాల లెక్కలు చెబుతూ ఒక పాత ఓడ ప్రమాదం ఎత్తాను. ఇంటికొచ్చాక కూడా అదే బుర్రలో తిరుగుతోంది. తెలియనివాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను.

1893 జూన్ 22. ఇప్పటి లెబనాన్ తీరంలో ట్రిపోలీ దగ్గర బ్రిటిష్ మధ్యధరా నౌకాదళం రెండు వరుసల్లో వెళ్తోంది. కుడి వరుసకు ముందు విక్టోరియా. దళాధిపతి సర్ జార్జ్ ట్రైయన్ దాంట్లోనే ఉన్నాడు. ఎడమ వరుసకు ముందు క్యాంపర్‌డౌన్, అందులో ఆయన తర్వాతి స్థానంలో ఉన్న రియర్ అడ్మిరల్ ఆల్బర్ట్ మార్కమ్. వరుసల మధ్య ఆరు కేబుళ్ళు, అంటే సుమారు 1,100 మీటర్లు. రెండు వరుసలూ లోపలి వైపుకి, ఒకదానికొకటి ఎదురుగా తిరిగి వెనక్కి మళ్ళాలని ట్రైయన్ ఆజ్ఞ. విక్టోరియా అలా మళ్ళాలంటే కనీసం 730 మీటర్ల చోటు కావాలి. క్యాంపర్‌డౌన్‌కీ దాదాపు అంతే. రెంటికీ కలిపి 1,460. ఉన్నది 1,100.

మార్కమ్‌కి అనుమానం వచ్చింది. అర్థమైందని చెప్పే జెండాను సగం వరకే ఎత్తించి ఆపాడు. తన సందేహాన్ని సెమాఫోర్‌లో (చేతుల కదలికలతో పంపే సంకేతాల్లో) పంపబోతుండగా, "దేనికోసం ఆగారు?" అని మొత్తం దళం చూస్తుండగా ట్రైయన్ నుంచి సందేశం. వెంటనే జెండా పైకెత్తించి ఓడను తిప్పేశాడు. క్యాంపర్‌డౌన్ ముక్కు కింద ఉండే ఉక్కు కొమ్ము విక్టోరియా కుడి పక్కలో దిగబడింది. పదమూడు నిమిషాల్లో ఓడ తిరగబడి మునిగింది. 358 మంది పోయారు.

నా మాట సూటిగా చెబుతున్నాను. మార్కమ్‌ది కూడా తప్పే. పిల్లలను గ్రౌండులోకి తీసుకెళ్ళి ఆరు అడుగుల ఎడంగా ఇద్దర్ని నిలబెట్టి, ఒక్కొక్కరు నాలుగడుగుల వృత్తంలో లోపలికి తిరగాలన్నాను. తిరగకముందే వెనకబెంచీ పిల్ల ఒకతె "గుద్దుకుంటారు సార్" అంది. పదిహేనేళ్ళ పిల్లకు తట్టింది ఆయనకూ తట్టింది. తట్టీ తిప్పాడు. అదే నాకు మింగుడు పడటం లేదు.

విశాఖ వాచ్

మాస్టారూ, నమస్కారం. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో చేసి దిగినవాణ్ణి. మీ లెక్క సరిగ్గానే ఉంది. మనిషి దగ్గరే నాకు తేడా వస్తోంది. మీ గ్రౌండులో ఆ పిల్ల మీకు భయపడదు. మార్కమ్‌కి ఎదురుగా ఉన్నది ట్రైయన్. ఆ కాలంలో ఓడలను వరుసలుగా తిప్పడంలో ఆయనంత దిట్ట లేడని నౌకాదళం మొత్తం నమ్మేది. తన కింది అధికారులకు అంతు చిక్కని విన్యాసాలు ఇచ్చి, చివర్లో అందరూ ఆశ్చర్యపోయేలా సరిచేయడం ఆయన అలవాటు. మార్కమ్ సాక్ష్యంలో కూడా అదే చెప్పాడు: ఆయన తన వరుసను బయటి నుంచి చుట్టి తిప్పుతాడేమో అనుకున్నాను అని. ఆజ్ఞలోనే దళం క్రమం చెడకుండా తిరగాలి అన్న మాట ఉంది. కుడి వరుస కుడి వైపే మిగలాలంటే ఒక వరుస రెండోదాని బయటి నుంచి పోవాల్సిందే కదా. ప్రమాదం జరిగాక ఈ వాదనను గట్టిగా నిలబెట్టినవాళ్ళు ఉన్నారు.

కాబట్టి మార్కమ్ కళ్ళు మూసుకుని దూకలేదు. పెద్దాయన మనసులో ఏదో ఉందని నమ్మాడు.

గచ్చకాయ

నేను లా చదువుతున్నాను, ఓడల గురించి ఏమీ తెలియదు. కానీ ఈ కేసులో తీర్పు చదివాక నిద్ర పట్టలేదు. మాల్టాలో హైబర్నియా ఓడ మీద జరిగిన కోర్టు మార్షల్, అంటే సైనిక విచారణ అది. విక్టోరియా కెప్టెన్ మారిస్ బోర్క్‌ని నిర్దోషిగా వదిలేశారు. తప్పు ట్రైయన్ ఆజ్ఞదే అన్నారు. మార్కమ్ గురించి రెండు మాటలు అన్నారు. మొదట, తన అనుమానాన్ని సెమాఫోర్‌లో పంపాలన్న తొలి ఆలోచన అమలు చేయనందుకు విచారం అన్నారు. ఆ వెంటనే, దళాధిపతి స్వయంగా ఉండగా ఆయన ఆజ్ఞ పాటించినందుకు మార్కమ్‌ని తప్పుపడితే నౌకాదళానికే చేటు అన్నారు. రెండూ ఒకే తీర్పులో! అడగాల్సింది అంటారు, అడగనందుకు తప్పు పట్టలేం అంటారు. మరి అడిగే బాధ్యత ఎవరిది?

విశాఖ వాచ్

తల్లీ, ఆ రెండో మాట ఎందుకన్నారో నాకు అర్థమవుతుంది. అప్పటి ఓడల మధ్య వైర్‌లెస్ లేదు. ప్రతి కెప్టెనూ ప్రతి జెండాకీ ఆగి ఆలోచిస్తే వెనక ఓడ వచ్చి గుద్దుతుంది.

కోరంగి మాస్టారు

సార్, అక్కడే ఒక్క విషయం. ట్రైయనే తన దళానికి ముందే రాసిచ్చిన ఉత్తర్వు ఒకటుంది. ఆజ్ఞను అక్షరాలా పాటిస్తే తోటి ఓడను ఢీకొట్టే పరిస్థితి వస్తే ముందు ప్రమాదం తప్పించాలి, వీలైతే ఆజ్ఞ ఉద్దేశం నెరవేర్చాలి అని దాని సారం. అంటే ఆగే హక్కు మార్కమ్‌కి ఆయనే ఇచ్చాడు. మార్కమ్ పిరికివాడు కూడా కాదు. 1876లో ఆర్కిటిక్ మంచు మీద స్లెడ్జీలు లాగించుకుంటూ అంతకు ముందు ఎవరూ పోనంత ఉత్తరానికి పోయిన మనిషి. ఈనాటి న్యూజిలాండ్ జెండా నమూనా ఆయనదే. చలికి బెదరనివాడు నలుగురి ముందు ఒక్క ప్రశ్నకు బెదిరాడు.

గచ్చకాయ

విక్టోరియా బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే చోట, ఏం జరిగిందో కూడా చూడాలి మాస్టారూ. ఆరు చాలదు, కనీసం ఎనిమిది కేబుళ్ళు కావాలని స్టాఫ్ కమాండర్ హాకిన్స్-స్మిత్ ముందే అన్నాడు. ట్రైయన్ సరే, ఎనిమిది అన్నాడు. తర్వాత జెండాల్లో ఎత్తించింది ఆరు. పొరపాటేమోనని సంకేతాలు చూసే ఫ్లాగ్ లెఫ్టినెంట్ లార్డ్ గిల్ఫర్డ్ వెళ్ళి మళ్ళీ అడిగాడు. మన ఓడ తిరగడానికే 800 గజాలు కావాలి అని కెప్టెన్ బోర్క్ గుర్తుచేశాడు. ట్రైయన్ ఆరే ఉంచమన్నాడు. ఓడలు దగ్గరపడుతుంటే ఎడమ ప్రొపెల్లర్‌ని వెనక్కి తిప్పడానికి బోర్క్ ఒకటికి రెండుసార్లు అనుమతి అడిగాడు. ఇక్కడ అందరూ అడిగారు! ఏమైంది? కాబట్టి మార్కమ్ అడిగి ఉంటే ఆగేదే అని అంత గట్టిగా ఎలా చెప్పగలం?

కోరంగి మాస్టారు

మంచి దెబ్బే కొట్టావమ్మా. కానీ వాళ్ళంతా ట్రైయన్ పక్కన నిలబడి అడిగినవాళ్ళు. ఆయన కాదంటే వాళ్ళ చేతిలో ఏమీ లేదు. మార్కమ్ చేతిలో మాత్రం ఒక ఓడ ఉంది. జెండా ఎత్తకపోతే చాలు, విన్యాసం మొదలే కాదు.

విశాఖ వాచ్

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను.

థర్డ్ మేట్‌గా, అంటే చిన్న స్థాయి డెక్ అధికారిగా, చేరిన కొత్తలో, ఓడ పేరు వద్దు, ఒక రేవు బయట లంగరు వేసిన ఓడల మధ్య నుంచి వెళ్తున్నాం. రాత్రి వాచ్, అంటే కాపలా డ్యూటీ. కెప్టెన్ నాకంటే పాతికేళ్ళు పెద్ద, నాకు దేవుడు లాంటివాడు. కుడి వైపు ఓడ దీపం దిశ ఎంతసేపటికీ మారడం లేదు. దిశ మారకుండా దూరం తగ్గుతోందంటే గుద్దుకుంటామని మొదటి వారమే నేర్పుతారు. కంపాస్ మీదికి వంగి మూడుసార్లు చూశాను. అదే అంకె. నోరు ఎండిపోయింది. చెప్పలేదు. ఆయన చూసే ఉంటాడులే అనుకున్నాను. ఆయన చూడలేదు. చివరికి ఆ ఓడ వాళ్ళు లైటు కొడితే పక్కకు తప్పుకున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. దిగాక మా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఇప్పుడు బ్రిడ్జి మీద కింది అధికారి అనుమానం వస్తే గట్టిగా చెప్పాలని శిక్షణలోనే నేర్పుతున్నారు. ఓడ తిరిగే వృత్తం ఎంతో బొమ్మ గీసి బ్రిడ్జి గోడకు అంటిస్తున్నారు. మా రోజుల్లో గోడ మీద బొమ్మ వచ్చింది గానీ నోట్లో మాట రాలేదు. మాస్టారూ, మార్కమ్‌ని నేను ఎందుకు వెనకేసుకొస్తున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

కోరంగి మాస్టారు

సార్, మీరు ఇది చెప్పడం మాకు పెద్ద విషయం. నా మాట కొంచెం సవరించుకుంటాను. మార్కమ్‌ది తప్పే అంటాను, కానీ ఆ తప్పు నేనూ చేయగలిగేదే.

తూర్పుగాలి

మీరంతా ఇద్దరు అడ్మిరళ్ళ దగ్గరే ఆగిపోయారు. 358 మంది ఎందుకు పోయారన్నది వేరే ప్రశ్న. పగటి పూట, ప్రశాంతమైన సముద్రం, చుట్టూ దళంలోని ఓడలు. ఎండ తీవ్రతకు లోపలి తలుపులు తెరిచి ఉన్నాయి. నీళ్ళు రాకుండా వాటిని మూయమని చెప్పింది ఢీకొనడానికి నిమిషం ముందు. క్యాంపర్‌డౌన్ వెనక్కి లాక్కోగానే ఆ చిల్లులోంచి నీళ్ళు ముంచెత్తాయి. మిగతా ఓడలు పడవలు దించబోతే, పంపవద్దని ట్రైయనే సంకేతం ఇప్పించాడు, ఓడ నిలుస్తుందనుకుని. డెక్ మీద నావికులు వరుసలు కట్టి నిలబడ్డారు, ఆఖరి క్షణాల దాకా ఎవరూ కదల్లేదు. ఆ క్రమశిక్షణను పత్రికలు తెగ పొగిడాయి. నాకైతే కడుపు తరుక్కుపోతుంది. ముందే దూకమని ఉంటే ఎంతమంది ఈదుకుంటూ బయటపడేవారో. జ్వరంతో మంచం పట్టిన కమాండర్ జాన్ జెల్లికో బతికాడు. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో జరిగిన జట్లాండ్ నౌకా యుద్ధంలో బ్రిటిష్ దళాన్ని నడిపింది ఆయనే.

ఇంజన్ గదిలో, బాయిలర్ల దగ్గర ఉన్నవాళ్ళకైతే పైకి రమ్మన్న ఆజ్ఞే అందలేదు. ఓడ ముక్కు కిందికి దిగి వెనక భాగం గాలిలోకి లేచినప్పుడు కూడా ప్రొపెల్లర్లు తిరుగుతూనే ఉన్నాయి. బొగ్గు వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారన్నమాట.

గచ్చకాయ

"తప్పంతా నాదే" అని ట్రైయన్ చివర్లో అన్నాడని చూసినవాళ్ళు చెప్పారు. ఆ మాట బాయిలర్ గదిలోకి వినిపించదు కదా.

విశాఖ వాచ్

2004లో డైవర్లు ఆ ఓడను కనిపెట్టారు. దాదాపు 140 మీటర్ల లోతులో ముక్కు బురదలో దిగబడి, వెనక భాగం పైకి, నిట్టనిలువుగా ఉంది. పడుకోకుండా అలా నిలబడిన ఓడలు చాలా అరుదు. ఫొటోల్లో ప్రొపెల్లర్లు పైన కనిపిస్తాయి. మాస్టారూ, ఈసారి పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు ఆ ఫొటో కూడా చూపించండి. వెనకబెంచీ పిల్లకు ముందు చూపించండి.