పెళ్ళి ఉంగరం: చేత్తో కొట్టించడమా, పోత పోయించడమా? (బెంగళూరు)

జయనగర్ పెళ్ళిపిల్ల

రెండు ఉంగరాలు చేయించాలి. ఆయనది ఇండియన్ సైజు 20, వెడల్పు 4 మి.మీ., మందం 1.8 మి.మీ., సాదా. నాది సైజు 12, అదే కొలతలు, మధ్యలో ఒక చిన్న వజ్రం. అమ్మమ్మ గాజు 14 గ్రాములది ఉంది, హాల్‌మార్క్ లేదు. ఆ బంగారంతోనే చేయించాలని ఇంట్లో పట్టు. నగరత్‌పేటలో చేతిపని ఆచారి ఒకాయన "పోత ఉంగరం గుల్ల, కొట్టిందే నిలుస్తుంది" అంటున్నాడు. కంప్యూటర్లో డిజైన్ చూపించిన షాపువాళ్ళేమో "ఈ రోజుల్లో సాదా ఉంగరానికి సుత్తి ఎందుకు మేడమ్" అని నవ్వారు. ఎవరి మాట వినాలి?

కమ్మచ్చు

ఆచారి మాటే వినండి. పోతలో లోహం అచ్చులో ఎలా గడ్డకడితే అలాగే ఉండిపోతుంది, రవ్వ (లోహం లోపలి పలుకులు) ముతకగా ఉంటుంది. చేతిపనిలో కడ్డీ పోశాక పట్టీ మిషన్లో, అంటే రెండు ఉక్కు రోలర్ల మధ్య, నలుగుతుంది, కాలుతుంది, మళ్ళీ నలుగుతుంది. మందం సగానికి తగ్గేసరికి రవ్వ విరిగి సన్నబడుతుంది, లోపల గాలి బుడగలుంటే నలిగి మూసుకుంటాయి. పోతలో ఆ బుడగలు ఉన్నచోటే ఉండి, మెరుగు పెట్టేటప్పుడు సూదిపోట్లలా బయటపడతాయి. వాటిని ఆకురాయితో రాస్తే కింద ఇంకో నాలుగు తేలతాయి.

కొలత లెక్క కూడా చెబుతాను, ఆచారి దగ్గర సరిచూసుకోండి. ఇండియన్ సైజుకి 40 కలిపితే లోపలి చుట్టుకొలత దాదాపుగా వస్తుంది. సైజు 20 అంటే 60 మి.మీ., లోపలి వ్యాసం 19.1. దానికి మందం 1.8 కలిపి 3.1416తో గుణిస్తే 65.7 మి.మీ. పట్టీ కోయాలి. మందం కలపకుండా 60కే కోస్తే ఉంగరం అయిదారు సైజులు చిన్నదవుతుంది. నేర్చుకునే కుర్రాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మైనంచెట్టు

కమ్మచ్చు గారు లెక్క బాగా చెప్పారు. ఆ పట్టీని గుండ్రంగా వంచాక ఏం చేస్తారో మాత్రం చెప్పలేదు. అతుక్కి టంకం వేస్తారు. టంకం కరగాలంటే ఉంగరమంతా ఎర్రబడాలి. అంత వేడి తగిలితే మిషన్లో నలిగి వచ్చిన గట్టిదనమంతా పోయి బంగారం మళ్ళీ మెత్తబడుతుంది. టంకం వేసి, పలుచని ఆమ్లంలో కడిగి, మెరుగు పెట్టి చేతికిచ్చిన "చేతిపని" ఉంగరం పోత ఉంగరమంత మెత్తగానే ఉంటుంది.

బుడగలకి కారణం పోత అనే పద్ధతి కాదు, దాన్ని చెడగొట్టేవాళ్ళు. పోతకి ముందు మైనంతో ఉంగరం చేసి అచ్చు తీస్తారు. ఆ మైనపు ఉంగరానికి స్ప్రూ, అంటే కరిగిన బంగారం లోపలికి పోయే దారి, మందంగా ఉన్నచోట పెట్టాలి. సన్నని చోట పెడితే అది ముందే గడ్డకట్టి, లోపలి మందమైన భాగానికి కరిగిన బంగారం అందక గుల్ల పడుతుంది. ఫ్లాస్క్‌లో, అంటే అచ్చు కట్టే లోహపు గొట్టంలో, పోసేది జిప్సం కలిసిన పొడి కాబట్టి దాన్ని 730 డిగ్రీలు దాటి కాల్చకూడదు. తొందరపడి వేడి పెంచితే జిప్సం విరిగి గంధకపు వాయువు వస్తుంది, అదే బంగారంలో చిక్కుకుంటుంది. పాత పోతల్లో మిగిలిన స్ప్రూ ముక్కల్ని కొత్త బంగారం కలపకుండా మళ్ళీ మళ్ళీ కరిగించడం ఇంకో జబ్బు. ఇవన్నీ సరిగ్గా చేసే చోట సాదా ఉంగరంలో సూదిపోట్లు కనబడవు.

కమ్మచ్చు

తెలిసిన ఆచారి టంకం వేసి ఊరుకోడండీ. సైజు 18కే అతికి, ఉంగరాల కడ్డీకి (కొస సన్నగా ఉండే ఉక్కు కడ్డీ) తొడిగి, సుత్తితో కొడుతూ 20కి తెస్తాడు. చివరి వేడి తర్వాత దెబ్బలు పడతాయి, గట్టిపడుతుంది.

గీటురాయి

రెండు సైజులు సాగదీస్తే ఎంత సాగిందో చూడండి. 18కి కోసిన పట్టీ 63.7 మి.మీ., 20కి 65.7. మూడు శాతం. బంగారం చెప్పుకోదగ్గంతగా గట్టిపడాలంటే ఇది చాలదు. సైజు 15 నుంచి మొదలుపెట్టినా ఎనిమిది శాతమే, పైగా ఆ సాగుడంతా అతుకు మీద పడి అక్కడే చీలుతుంది. ఇద్దరూ "గట్టి" అంటున్నారు గానీ, ఎన్ని క్యారెట్లో ఎవరూ అడగలేదు.

22 క్యారెట్ అంటే 91.6 శాతం బంగారం. మిగిలిన ఎనిమిదిన్నర పాళ్ళ వెండి, రాగితో మీరేం చేసినా అది మెత్తనిదే. 18 క్యారెట్లో పాతిక పాళ్ళు వెండి, రాగి ఉంటాయి కాబట్టి పుట్టుకతోనే గట్టిది. పైగా, రాగి తగినంత ఉన్న 18 క్యారెట్ పసుపు బంగారాన్ని ఉంగరం పూర్తయ్యాక 280 నుంచి 300 డిగ్రీల దగ్గర గంటసేపు కొలిమి పెట్టెలో ఉంచితే ఇంకా గట్టిపడుతుంది. చేత్తో చేసినా, పోత పోసినా ఇది పనిచేస్తుంది. మామూలు 22 క్యారెట్‌కి ఇలా వేడితో చెప్పుకోదగ్గ లాభం ఉండదు.

బరువు కూడా మారుతుంది. ఆయన ఉంగరం ఘనపరిమాణం 473 ఘనపు మి.మీ. 22 క్యారెట్‌లో దాదాపు 8.4 గ్రాములు, అందులో మేలిమి 7.7. అదే ఉంగరం 18 క్యారెట్‌లో 7.3 గ్రాములు, మేలిమి 5.5.

అవెన్యూ రోడ్ అల్లుడు

ఈ 18 క్యారెట్ లెక్క మా అత్తగారికి చెబితే పెళ్ళే ఆగిపోతుంది 😄

మైనంచెట్టు

నవ్వుకోండి గానీ, వజ్రం ఉన్న ఉంగరానికి 18 క్యారెటే సరి. 22లో రాయిని పట్టే కాళ్ళు స్వెటర్‌కి తగులుకున్నా వంగుతాయి. పెద్దవాళ్ళు 22 అని పట్టుబడితే కాళ్ళ బదులు రాయి చుట్టూ అంచు కట్టించండి. రాయి కొంచెం చిన్నగా కనబడుతుంది, కానీ జారదు.

గీటురాయి

అమ్మమ్మ గాజు సంగతి వదిలేశారు. ఈ తగాదాలో అసలు మెలిక అదే.

పాత గాజులో అతుకులుంటాయి. కొన్నేళ్ళ కిందటిదైతే కాడ్మియం టంకం, అందరూ కేడీఎం అనేది. ఇప్పటికీ చాలామంది కేడీఎం అంటే నాణ్యతకి గుర్తు అనుకుంటారు, అది టంకం పేరు. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఆ పొగ పీల్చడం ప్రమాదం. ఇంకా పాతదైతే తక్కువ వన్నె టంకం ఉండొచ్చు. గాజుని అలాగే మూసలో వేసి, వెలిగారం చల్లి, కడ్డీ పోసి నలిపితే అంచుల్లో పగుళ్ళు వస్తాయి. సీసం రవ్వంత కలిసినా బంగారం బిస్కట్‌లా విరుగుతుంది. చేతిపనిలో ఈ దోషం పట్టీ మిషన్లోనే బయటపడుతుంది. పోతలో కనబడకుండా ఉంగరంలోకి వెళ్ళిపోయి, ఎప్పుడో సైజు మార్చేటప్పుడు విరుగుతుంది. అందుకని ముందు శుద్ధి చేయించి మేలిమి తీయించండి, తర్వాత మళ్ళీ వెండి, రాగి కలపాలి.

గాజు 85 శాతం తేలిందనుకుందాం. 14 గ్రాములకి మేలిమి 11.9. మీరడిగిన కొలతల్లో రెండూ 22 క్యారెట్ అయితే 8.4, 7.35 కలిపి 15.7 గ్రాములు, మేలిమి 14.4. సరిపోదు. మీ ఉంగరాన్ని 18 క్యారెట్‌లో 2.5 మి.మీ. వెడల్పు, 1.6 మందానికి దించితే 3.5 గ్రాములు, మేలిమి 2.65. ఆయనది 22లోనే ఉంచినా మొత్తం 10.3 అవుతుంది. తరుగుకి గ్రామున్నర మిగులుతుంది.

కమ్మచ్చు

ఒప్పుకుంటున్నాను, శుద్ధి తప్పదు. కానీ "అమ్మమ్మ బంగారమే" అనే పట్టు ఉంటే పోతలో అది నిలవదు. ఒక మైనపు కాడకి చెట్టు కొమ్మల్లా ఇరవై, ముప్పై మైనపు ఉంగరాలు గుచ్చి ఒకేసారి పోస్తారు, మీ గాజు ఎవరి వేలికి పోతుందో తెలీదు. మీ ఒక్కరికే వేరే ఫ్లాస్క్ పెట్టమని అడిగి, రాయించుకోవాలి. చేతిపనిలో మీ కడ్డీ మీ కళ్ళెదుటే నలుగుతుంది.

అతుకు గురించి మైనంచెట్టు గారి మాటకి జవాబు: అతుకే లేకుండా చేయొచ్చు. 25 మి.మీ. బిళ్ళ కోసి, మధ్యలో 17 మి.మీ. రంధ్రం తీసి, శంకువు లాంటి డైలో నొక్కుతూ గొట్టంలా నిలబెట్టడం ఒక దారి.

మైనంచెట్టు

ఆ బిళ్ళకి 1.8 మి.మీ. రేకు కనీసం 15.6 గ్రాములుండాలి, చదరపు ముక్కలోంచి కోస్తే 20. వాళ్ళ దగ్గరున్నదంతా కలిపినా 13 గ్రాముల 22 క్యారెట్. మిగతాది ఆచారి తన జేబులోంచి వేస్తాడా?

కమ్మచ్చు

అందుకే రెండో దారి. 33 మి.మీ. పొడవు, 4.2 వెడల్పు, 4 మి.మీ. ఎత్తున్న కడ్డీ, దాదాపు 10 గ్రాములది చాలు. రెండు కొసల దగ్గర చెరో 1 మి.మీ. రంధ్రం వేసి, మధ్య గీత రంపంతో కోసి, చీలికలో మేకు దిగేసి తెరవాలి. సాగిన కొద్దీ కాల్చి మెత్తబరుస్తూ ఉంగరాల కడ్డీకి ఎక్కించాలి. రంధ్రం వెయ్యకుండా కోస్తే కోత కొస దగ్గర పగులు పాకుతుంది. కొసల్లో లోహం గుమికూడి మందంగా ఉంటుంది, దాన్ని కొట్టి సమం చేయాలి. చివరి కాల్పు తర్వాత దెబ్బలు ఎన్ని వెయ్యాలో అది మన చేతిలో ఉంటుంది, భయపడాల్సిన అతుకు లేదు కాబట్టి.

మైనంచెట్టు

ఇది బాగుంది. ఆయనదానికి వాదన వదిలేస్తున్నా. ఆమెది మాత్రం పోతలోనే చేయించాలి, రాయి గూడు కొలత చేత్తో అంత కచ్చితంగా రాదు.

కమ్మచ్చు

వస్తుంది. మీకు రాకపోతే రాదని చెప్పకండి.

గీటురాయి

చేయించేదెవరైనా బిల్లు రిజిస్టర్ అయిన జ్యువెలర్ పేరు మీద ఉండాలి. హాల్‌మార్క్‌కి సరుకు పంపగలిగేది వాళ్ళే. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ప్రతి నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు వాటికి మినహాయింపుంది గానీ మీ రెండూ అంతకన్నా ఎక్కువే. ఆ నంబరు హాల్‌మార్క్ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. సైజు మార్చేటప్పుడు ముద్రకి దూరంగా కోయమనాలి. హాల్‌మార్క్ కేంద్రంలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రేతో వన్నె చూసే) యంత్రం చూసేది పైపొరనే, కాబట్టి శుద్ధి చేశాక మేలిమికి ఫైర్ అస్సే (చిన్న ముక్క కరిగించి చేసే పరీక్ష) చీటీ విడిగా అడిగి తీసుకోండి.

జయనగర్ పెళ్ళిపిల్ల

ఆచారికి చెప్పబోయేది ఇది: గాజు శుద్ధి, ఆయనది 22 క్యారెట్ చీల్చిన కడ్డీ, అతుకు లేకుండా. నాది 18 క్యారెట్, 2.5 × 1.6, విడి ఫ్లాస్క్‌లో పోత, రాయికి కాళ్ళు. వేళ్ళ కొలత రేపు పొద్దున్నే ఇచ్చేస్తాం. నిశ్చితార్థానికి పెట్టిన 22 క్యారెట్ ఉంగరం పక్కనే ఇదీ పెట్టుకుంటాను.

కమ్మచ్చు

కొలత పొద్దున వద్దు, చలికి వేళ్ళు సన్నబడి ఉంటాయి. సాయంత్రం, తిన్నాక ఇవ్వండి. ఆయనది లోపలి అంచులు గుండ్రంగా తీయిస్తే అర సైజు తగ్గించొచ్చు.

గీటురాయి

18, 22 ఒకే వేలికి వద్దు. గట్టిది మెత్తదాన్ని అరగదీస్తుంది, నిశ్చితార్థం ఉంగరం అంచు సన్నబడుతుంది. రెండో చేతికి మార్చండి.