తుపాను నెలల సరుకు: బియ్యానికి పురుగు, పప్పుకి బూజు రాకుండా దాచేదెలా?

కొబ్బరిమట్ట (వజ్రపుకొత్తూరు):
అందరికీ నమస్కారం. మాది సముద్రం పక్క ఊరు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం, మూడేళ్ళ పాప. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, మందస, సోంపేట వైపు కరెంటు ఎన్నాళ్ళు లేదో మీకు తెలిసిందే. అందుకని సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నెల రోజుల సరుకు ముట్టుకోకుండా పక్కన ఉంచాలని మా ఆలోచన. రెండేళ్ళు పెట్టాం. రెండేళ్ళూ బియ్యంలో ముక్కుపురుగు, కందిపప్పులో బూజు. శుభ్రంగా ఎండబెట్టాం, మూత గట్టిగానే బిగించాం. తప్పు ఎక్కడ జరుగుతోంది? ఏది ఎంత కొనాలి, దేంట్లో పోయాలి? డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి మూత పెడితే పురుగు చస్తుందంటున్నారు, నిజమేనా?

నాగావళిగట్టు (శ్రీకాకుళం):
ఎండలోంచి తెచ్చిన పప్పు వేడి మీదే డబ్బాలో పోసి మూతేసుంటారు. రాత్రికి డబ్బా చల్లబడగానే లోపలి ఆవిరి మూత కింద చెమటలా పట్టి పై పొర మీద పడుతుంది. మీ బూజు ముందు పైన రెండంగుళాల్లోనే ఉండలు కట్టి ఉంటుంది, చూడండి. ఎండబెట్టాక నీడలో, గుడ్డ మీద పూర్తిగా చల్లారనిచ్చి, సాయంత్రం మంచు దిగకముందే డబ్బాకెత్తాలి. ముసురు రోజున ఈ పని పెట్టుకోవద్దు. బియ్యాన్ని మాత్రం ఎర్రటి ఎండలో వెయ్యొద్దు, గింజ పగిలి నూకవుతుంది. నీడన గాలికి ఆరబెడితే చాలు.

ఆరిందో లేదో పంటికింద కొరికి చెప్పేవాళ్ళున్నారు గానీ నాకు ఉప్పు సీసా మీదే నమ్మకం. పొడి గాజుసీసాలో మూడోవంతు గింజలు పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు రెండు చెంచాలు వేసి, మూతపెట్టి రెండు నిమిషాలు ఆడించి, పావుగంట అలా వదిలెయ్యండి. ఉప్పు గాజుకి అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. పొడిగా రాలిపోతే దాచుకోవచ్చు. బియ్యానికి 12, 13 శాతం మించకుండా ఉంటే మంచిది.

పురుగు సంగతి వేరు. ముక్కుపురుగు గింజకి చిన్న చిల్లు చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. చేటలో ఎంత చెరిగినా అది కనబడదు. మన వేడికి నెలా, నెలా అయిదు రోజుల్లో పెద్ద పురుగై బయటికొస్తుంది. అంటే బయట నుంచి దూరలేదు, కొన్న బస్తాలోనే వచ్చింది.

కొవ్వొత్తి పని చెయ్యదు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అది 16 దగ్గరికి దిగేసరికే మంట ఆరిపోతుంది. పురుగు చావాలంటే 5 శాతం కంటే తగ్గాలి. పైగా మంట వల్ల లోపల తేమ చేరుతుంది, అది అదనపు నష్టం. ఇనపపొడి ఉండే ఆక్సిజన్ పీల్చే పొట్లాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. 20 లీటర్ల డబ్బా నిండా బియ్యం పోసినా గింజల సందుల్లో ఎనిమిది లీటర్ల గాలి ఉంటుంది, అందులో ఆక్సిజన్ 1,700 సీసీ (మిల్లీలీటర్లు). కాబట్టి డబ్బాకి మొత్తం 2,000 సీసీ పీల్చే పొట్లాలు వెయ్యాలి. పొట్లాల కవరు విప్పాక పావుగంటలో పని అయిపోవాలి, లేకపోతే గదిలో గాలినే పీల్చి చచ్చుబడతాయి. ఉత్త ప్లాస్టిక్ డబ్బాలోకి గాలి మెల్లగా చొరబడుతూనే ఉంటుంది, అందుకని లోపల అల్యూమినియం పొర ఉన్న సంచి వేసి, దాని మూతిని ఇస్త్రీపెట్టెతో అతికించండి. బెల్లం, చింతపండు, సరిగా ఎండని చేపల్లో మాత్రం ఈ పొట్లం పెట్టొద్దు. తేమ ఉండి గాలి లేనిచోట ప్రాణం తీసే విషక్రిమి పెరగొచ్చు.

చేటపెయ్య (గజపతినగరం):
లెక్క నేను చెప్తాను. పెద్దవాళ్ళకి రోజుకి మనిషికి 400 గ్రాముల బియ్యం, పాపకి 150. నెలకి 52 కిలోల చిల్లర అవుతుంది. పాతిక కిలోల బస్తాలు రెండు తీసుకోండి, తగ్గినది చోళ్ళతో (రాగులతో) సరిపెట్టొచ్చు. 20 లీటర్ల డబ్బాలో 16 కిలోలు పడతాయి, కాబట్టి మూడు డబ్బాలు నిండగా రెండు కిలోలు మిగిలితే వాడకంలో పోసుకోండి. పెద్ద డ్రమ్ము ఒకటి కొనకండి. తెరిచిన ప్రతిసారీ గాలీ తేమా లోపలికెళ్తాయి, అదే మూడు డబ్బాలైతే రెండు తెరవకుండా ఉంటాయి.

పప్పులు పది కిలోలు: కంది నాలుగు, పెసరపప్పు మూడు, ఉలవలు రెండు, సెనగలు ఒకటి. పెసరపప్పు అంత ఎందుకంటే తొందరగా ఉడుకుతుంది, గ్యాసు మిగులుతుంది. నూనె నాలుగు లీటర్లు, అన్నీ లీటరు పాకెట్లే. ఉప్పు రెండు కిలోలు, బెల్లం మూడు, గింజ తీసిన చింతపండు ఒక కిలో. కారం పొడి కంటే ఎండుమిరపకాయలు ఎక్కువకాలం నిలుస్తాయి.

డబ్బాలు నూనెవో పచ్చళ్ళవో అయితే సరే, ఆ మూతకి రబ్బరు రింగు ఉండాలి. గోడకేసే రంగుల (పెయింటు) డబ్బా ఎంత తోమినా వద్దు. రేషన్ కోటా బియ్యమే దాస్తుంటే అందులో కాస్త తేడాగా కనబడే గింజలు నూటికొకటి ఉండొచ్చు, అవి ఐరన్ కలిపినవి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారెయ్యకండి.

చోడిఅంబలి (బొబ్బిలి):
పైన చోళ్ళని ఒక్క మాటతో సరిపెట్టారు, నా ఓటు వాటికే ముందు. చోడి గింజ చిన్నది, పొట్టు గట్టిది, పురుగు దాని జోలికి పెద్దగా రాదు. ఎండిన చోళ్ళు డబ్బాలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి. పిండి ఆడిస్తే మాత్రం రెండు నెలలకే చేదు తిరుగుతుంది. కరెంటు పోతే మరా ఆడదు, మిక్సీ తిరగదు. అందుకని ఏ నెలకి ఆ నెల రెండు కిలోలు పట్టించి, మిగతావి గింజగానే ఉంచండి. తిరగలి ఉంటే అటక మీంచి దించుకోండి.

కందిపప్పుకి నాదొక పాతకాలం మాట. కిలోకి ఒక చిన్న చెంచా ఆముదం వేసి, ప్రతి గింజా మెరిసేలా చేత్తో రుద్ది, గంట ఆరబెట్టి డబ్బాకెత్తండి. పప్పుల మీద పుచ్చుపురుగు గుడ్లు గింజ పైనే పెడుతుంది, నూనె పూత ఉంటే ఆ గుడ్డు నిలవదు. వండేముందు రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళతో కడిగితే వాసన పోతుంది. వేపాకు వేస్తే బాగా ఎండినదే వెయ్యండి, పచ్చిది వేస్తే దాని తేమకే బూజు. బోరిక్ పొడి కలపొద్దు, కడిగినా మొత్తం పోదు.

బొంబాయి రవ్వకి తేలిక దారి: దోరగా వేయించి చల్లార్చడం. ఫ్రిజ్ ఉంటే కిలో పాకెట్లు డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులుంచి, బయటికి తీశాక ఒక పూటంతా విప్పకుండా వదిలెయ్యండి. చల్లగా ఉండగా విప్పితే చెమ్మ పట్టి ముద్దవుతుంది.

పొయ్యి వెలిగించకుండా తినేవి కూడా ఉంచుకోండి: అటుకులు రెండు కిలోలు, మురీలు (మరమరాలు), వేయించిన సెనగపప్పు, భీమాలి తాండ్ర. పాపకి పాలపొడి చిన్న పాకెట్లే మేలు, పెద్దది విప్పితే గడ్డకడుతుంది.

కొబ్బరిమట్ట:
బూజు సంగతి మీరన్నట్టే, పై పొరలోనే ఉండలు! ఇంకో రెండు ప్రశ్నలు. పక్కింటివాళ్ళు బియ్యంలో సల్ఫాస్ మాత్ర వేస్తారు, పురుగే ఉండదంటారు. వెయ్యొచ్చా? వరద నీళ్ళు ఇంట్లోకి వస్తే డబ్బాలు ఎక్కడ పెట్టాలి?

నాగావళిగట్టు:
వెయ్యొద్దు, పక్కింటివాళ్ళకీ చెప్పండి. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది, ముసురు రోజుల్లో ఇంకా తొందరగా. దానికి విరుగుడు మందు లేదు. అది గోదాముల్లో, శిక్షణ ఉన్నవాళ్ళు చేసే పని. తలుపులు మూసుకుని పడుకునే ఇంట్లో పసిపిల్ల ఉండగా ఆ మాటే వద్దు.

మూత బిగించిన డబ్బా నీళ్ళలో తేలుతుంది, దొర్లితే మూత ఊడుతుంది. కాబట్టి అటక మీదకో మేడ మీద గదిలోకో ఎక్కించి, తాడుతో కిటికీ చువ్వకి కట్టండి. మామూలు రోజుల్లో చెక్కపలక మీద, గోడకి అడుగు ఎడంగా ఉంచండి. సిమెంటు గచ్చు మీద నేరుగా పెడితే అడుగున చెమ్మ పడుతుంది. వరద నీళ్ళు తగిలిన గింజ ఎండబెట్టినా పనికిరాదు, పశువులకి కూడా పెట్టొద్దు.

చేటపెయ్య:
నీళ్ళ గురించి ఎవరూ రాయలేదు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, అంటే మీకు రోజుకో 20 లీటర్ల క్యాను. వారానికి ఏడు క్యాన్లు, హెచ్చరిక వచ్చిన రోజే నింపుకోవాలి. కరెంటు పోయాక మోటారు ఆడదు. తుపాను తర్వాత బావి నీళ్ళు తెర్లు కాగాక కూడా ఒక నిమిషం మరగనిచ్చి తాగండి.

ఉలవలు ముందురాత్రే నానెయ్యండి. గ్యాసు సగమైనా మిగులుతుంది.

కొబ్బరిమట్ట:
సరే. ఈ ఆదివారం ఎండ కాస్తే కందిపప్పుతో మొదలెడతాం. ముందు ఉప్పు సీసా పరీక్ష.