రిపేరు చేయించినాకే బండి కాగుతాంది: థర్మోస్టాట్ వాల్వు పీకేయడం కరెక్టేనా?

కడప ఇండికా
అన్నలూ, నాది 2009 ఇండికా వీ2 డీజిల్. పోయిన వారం వాటర్ పంపు కారుతా ఉంటే ఈడనే ఒక షెడ్డులో మార్పించినా. అంతకుముందు ఎప్పుడూ కాగింది ల్యా. నాలుగో రోజు రాయచోటికి పోతా గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే మీటరు ముల్లు సగం కాడ నుంచి ఒక్క ఎగురు ఎగిరి ఎర్రగీత తాకి, మళ్లా దానంతట అదే దిగింది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి మళ్లా లేసింది. ఏసీ ఆపి హీటర్ పెడితే, ఇంజనేమో ఉడుకుతాంది, హీటర్లో చల్లగాలి! ఎట్లనో పైకెక్కించి కోవా అంగళ్ల కాడ ఆపినా.

మేస్త్రీని అడిగితే "పంపు మార్చినప్పుడే వాల్వు పీకేసినా, మన ఎండలకు దాంతో పనిల్యా. అయినా కాగిందంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను బ్లాకుకూ పైన హెడ్డుకూ నడుమ ఉండే సీలు) పోయింటాది, హెడ్డు దించాల, 14,000 అయితాది" అంటాండాడు. వాల్వు, అదే ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యని థర్మోస్టాట్, పీకిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. దించనియ్యాల్నా వద్దా?

కర్నూలు షెడ్డు
పంపు సంగతి పక్కన పెట్టు. నేను ఇరవై ఏండ్లుగా ఇదే పనిలో ఉన్నా. పాత డీజిల్ బండ్లకు వాల్వు తీసేయడం అందరం చేసేదే. అది మూసుకొని ఇరుక్కుపోయిందంటే ఎండాకాలంలో పది నిమిషాల్లో హెడ్డు వంకరపోతుంది. దానికంటే లేకుండడమే నయం. నీ మేస్త్రీ తప్పేం చేయలేదు. పాత ఇంజను, గ్యాస్కెట్ అనుమానం న్యాయమే.

సప్తగిరి సర్కిల్
అదే లెక్కన బ్రేకు ఇరుక్కుంటుందని బ్రేకు కూడా పీకేస్తామా అన్నా?

కోపం చేసుకోవద్దు, లెక్క చూడు. చాలా బండ్లలో ఆ వాల్వు 80–88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకుంటుంది. బండి కాగే వేడికి మంచి వాల్వు ఎట్లాగూ తెరుచుకునే ఉంటుంది. ఇంక పీకితే కొత్తగా వచ్చే చల్లదనం ఏముంది? పైగా కొన్ని ఇంజన్లలో వాల్వు అడుగున ఇంకో పళ్లెం ఉంటుంది. వాల్వు తెరుచుకున్నప్పుడు అది బైపాస్ దారిని మూస్తుంది. పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరుచుకునే ఉండి, కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజన్లోకి వస్తుంది. చల్లబడాలని పీకితే ఇంకా కాగడం అక్కడి నుంచే.

మా అనంతపురంలో ఇంకో పని చేస్తారు, కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం. టీ గిన్నె అడుగున తెల్లగా సున్నం పడుతుంది చూడు, రేడియేటర్ సన్న గొట్టాల్లో పట్టేది అదే. వాల్వు తీసినా పెట్టినా ఆ రేడియేటర్ బాగుపడదు.

కర్నూలు షెడ్డు
పుస్తకం లెక్క బాగానే ఉంది తమ్ముడూ. రోడ్డు మీద వాల్వు ఇరుక్కుంటే ఏం చేస్తావో చెప్పు.

సప్తగిరి సర్కిల్
ఆ రోజుకు పీకి ఇంటికి చేరతా. మర్నాడు కొత్తది వేస్తా. అంతవరకే.

డోన్ డీజిల్
మీరిద్దరూ వాల్వు మీదనే కొట్టుకుంటాండారు. అతను హీటర్లో చల్లగాలి అని రాసినాడు, అది ఎవరూ చదవలేదా? ఇంజను ఉడికేటప్పుడు హీటర్ చల్లగా ఉందంటే నీళ్లు ఆడికి చేరడంల్యా. ముల్లు ఎగిరి దిగడం కూడా అదే కథ, సెన్సరు కాడికి ఒకసారి ఆవిరి, ఒకసారి నీళ్లు. పంపు మార్చి పైపైన నింపి మూత పెట్టేసినారు, లోపల గాలి పట్టింది. నాకు 90 పాళ్లు ఎయిర్ లాకే అనిపిస్తాంది.

తమ్ముడూ, హెడ్డు జోలికి పోకముందు ఇది చెయ్యి. బండి పూర్తిగా చల్లారినాక మూత తియ్యి. వేడిగా ఉండంగా ముట్టుకోవద్దు. మూత ఒత్తిడి పట్టి ఉంటేనే నీళ్లు 100 దాటినా మరగవు, తీసిన మరుక్షణం మొగానికి కొడతాయి. నా ఎడమ చెయ్యి మీద మచ్చ ఇంకా ఉంది. ముందు చక్రాలు కొంచెం ఎత్తు మీద ఉండేటట్ల నిలబెట్టు, హీటర్ ఫుల్లు వేడిలో పెట్టు, మూత లేకుండా స్టార్ట్ చేసి కూలెంట్ పోస్తా ఉండు. బుడగలు వచ్చి, వచ్చి ఆగిపోతే అది పట్టిన గాలి. ఎంతసేపున్నా ఆగకుండా వస్తా ఉంటే, చల్లటి బండి స్టార్ట్ చేసిన నిమిషానికే పై గొట్టం రాయిలాగ బిగుసుకుంటే, అప్పుడు గ్యాస్కెట్ మాట. అప్పుడు కూడా రేడియేటర్ మూతి కాడ నీలం మందుతో టెస్ట్ చేయమను. డీజిల్ పొగ కలిస్తే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఫ్యాను తిరుగుతాందా అని కూడా చూడు, పని చేసినోళ్లు కనెక్టర్ పెట్టడం మర్చిపోయేది మామూలే.

కర్నూలు షెడ్డు
గాలి సంగతి ఒప్పుకుంటా. హీటర్ మాట నేను సరిగ్గా చూడలేదు. వాల్వు సంగతి ఒప్పుకోను.

కడప ఇండికా
నిన్న పొద్దున చేసినా. మూత తీస్తే పైన నిండుగానే ఉండాది. స్టార్ట్ చేసి హీటర్ పెట్టిన ఐదు నిమిషాలకు గడగడా బుడగలు వచ్చి నీళ్లు దిగబడినాయి. దగ్గర దగ్గర రెండు లీటర్లు మింగింది! తర్వాత బుడగలు ఆగినాయి, హీటర్లో వేడిగాలి వచ్చింది. సాయంత్రం ఇంటోళ్లను ఎక్కించుకొని అదే ఘాటు ఎక్కినా, ముల్లు సగం దాటలా. గ్యాస్కెట్‌కు ఏం కాలేదు.

మేస్త్రీ కాడికి పోయి నా వాల్వు నాకియ్యమన్యా. ఒక పెయింటు డబ్బా తెచ్చి ముందర పెట్టినాడు, నిండా వాల్వులే. "మీదేదో ఏరుకోండి సార్" అన్యాడు. కొత్తగా కనపడేది ఒకటి తెచ్చుకొని, దారం కట్టి నీళ్ల గిన్నెలో యాలాడదీసి పొయ్యి మీద పెట్టినా. నీళ్లు మరిగే ముందర మెల్లగా నోరు తెరిచింది, దించినాక మూసుకుంది. బాగానే ఉండాది గానీ నాదేనా కాదా అని అనుమానం, అందుకే కొత్తది ఆర్డరు పెట్టినా.

ఆ గిన్నెను మా ఇంటామె మళ్లా వంటింట్లోకి రానియ్యలా.