పోలో జీటీతో చెన్నై ట్రాక్‌కి: గాలి ఎంత, క్యాంబర్ ఎంత?

భీమవరం_బుల్లోడు:
పోలో జీటీ టీఎస్ఐ, 2015 మోడల్. వచ్చే నెల ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డేకి (సొంత బండిని రేస్ ట్రాక్ మీద తోలే రోజు) పేరిచ్చానండి, మొదటిసారి. 3.7 కిలోమీటర్ల ల్యాపు, పైన మద్రాసు ఎండ. టైర్లలో గాలి ఎంత ఉంచాలి? ముందు చక్రాల క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకి వాలే కోణం) ఎంత? కాయిలోవర్లు (బండి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకబ్జార్బర్ జతలు) ఇప్పుడే కొనాలా? బైకు హెల్మెట్ సరిపోతుందా? ఖర్చు సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

నరసాపురం_లేసు:
కాయిలోవర్ల జోలికి పోకండి. నేను పోయాను. రెండంగుళాలు దింపేసి, బండి భలే కూర్చుందని మురిసిపోయాను. దాళ్వా కోతలకి మా రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. పరదా ఎగిరిపోకుండా అంచున రాయి పెడతారు కదా, దానికి తగిలి బంపర్ కింది ముక్క ఊడొచ్చింది. అది నా ఖర్మ అనుకున్నా. ట్రాక్ మీద అంతకన్నా ఘోరం. మలుపులో బండి వంగగానే స్ట్రట్ (ముందు చక్రం దగ్గరి షాకబ్జార్బర్) పోయి బంప్ స్టాప్ (చివరన ఉండే రబ్బరు దిమ్మ) మీద కూర్చునేది. ఇక స్ప్రింగుకి పనేముంది? ముందు చక్రాలు పట్టొదిలేసి తిన్నగా పోయేవి. అంగుళం పైకి లేపాక గానీ బండి నా మాట వినలేదు.

కాకినాడ_కాజా:
గాలి నన్నడగండి. నైట్రోజన్ కొట్టించండి, 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టండి, మర్చిపోండి. నైట్రోజన్ వేడికి పెరగదు.

తణుకు_మేష్టారు:
ఏవండోయ్ కాజాగారూ! మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజనండి. 30 డిగ్రీల దగ్గర 32 పెట్టిన టైరు 80కి కాగితే 40 పీఎస్ఐ దగ్గరికి పోతుంది. పొడి గాలైనా అంతే, తమరి నైట్రోజనైనా అంతే. పదో తరగతి లెక్క ఇది.

కాకినాడ_కాజా:
పదో తరగతి పిల్లలకి చెప్పుకోండి. నేను విజయవాడ దాకా తోలి చూసినవాణ్ణి. తేడా తెలిసింది.

తణుకు_మేష్టారు:
దేంతో చూశారు? గేజీ ఉందా, చేత్తో నొక్కారా?

పంచర్_పండితుడు:
ఇరవై రెండేళ్లుగా టైర్లు విప్పుతున్నాను, నాకు చెప్పేవాళ్లు ఈ జిల్లాలో లేరు. ఇద్దరిదీ సగం సగం. అసలు గొడవ నీళ్లది. మన దగ్గర వానాకాలం కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పితే గ్లాసుడు నీళ్లు బుస్సుమని వస్తాయి, తుప్పు రంగులో. రోజూ వదలనివాడి దగ్గర ఆ నీళ్లు పోయేది మీ టైరులోకే. టైరు కాగితే అది ఆవిరై, మేష్టారి లెక్క మీద ఇంకో నాలుగైదు పీఎస్ఐ ఎక్కుతుంది. నైట్రోజన్లో ఉన్న గొప్ప ఏంటంటే అది పొడిగా ఉండటం, అంతే. నీళ్లు వదిలిన కంప్రెసర్ దగ్గర ఉచితంగా కొట్టించుకో.

కాకినాడ_కాజా:
అంటే మాకు గాలి కొట్టేవాళ్లంతా నీళ్లు కొడుతున్నారనా? నోరు అదుపులో పెట్టుకోండి.

పంచర్_పండితుడు:
నేను కుళాయి తిప్పమన్నాను, మిమ్మల్ని తిట్టలేదు.

రావులపాలెం_అరటి:
గాలి మీద ఇంత గాలేంటండి బాబూ. నేనైతే పోలోని రైస్ మిల్లు వేబ్రిడ్జి ఎక్కించాను. ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి. నాతో కలిపి ముందు వైపే 700 కిలోలు పైన తూగింది. వెనక అరటి గెల వేసుకున్నా చాలదు! అందుకే ఇది మలుపులో ముక్కు తిప్పదు. గుమాస్తా చీటీ మీద 'సరుకు' అన్న గడిలో 'మనిషి' అని రాసిచ్చాడు, దాచుకున్నాను.

తణుకు_మేష్టారు:
ఆ కాటా పదేసి కిలోల చొప్పున చూపిస్తుంది. దాంతో సస్పెన్షన్ సెట్ చేస్తారా?

రావులపాలెం_అరటి:
చేస్తానని ఎవరన్నారు? సరదాకి తూచాను. మీకు అన్నీ పరీక్షలే.

భీమవరం_బుల్లోడు:
అయ్యా, నా బండి... మొన్న అలైన్‌మెంట్ షాపులో క్యాంబర్ అడిగితే, 'టో' (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసి డబ్బులు తీసుకుని, క్యాంబర్ కంపెనీ నుంచే అంతేనన్నాడు.

పంచర్_పండితుడు:
వాడు చెప్పింది ముప్పాతిక నిజం. పోలో స్ట్రట్ హబ్బులోకి (చక్రం బిగించే భాగం) దూరి బిగుస్తుంది. స్విఫ్టుకి వేసే క్యాంబర్ బోల్టు దీనికి పట్టదు. పైన క్యాంబర్ ప్లేట్లు (స్ట్రట్ తలని లోపలికి జరిపేవి) వేస్తేనే మైనస్ రెండు డిగ్రీల దాకా, అంటే చక్రం పైభాగం లోపలికి వాలేలా, వస్తుంది. వెనకది బీమ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే దూలం), దాన్ని ముట్టుకోకు. మొదటిసారికి ఏమీ వద్దు, ఒక సుద్దముక్క కొనుక్కో. టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది, దాని మీదుగా నిలువు గీత గియ్యి. చల్లగా 28తో మొదలుపెట్టు. నాలుగు ల్యాపులు తిరిగి రాగానే, టైరు వేడి మీదుండగానే గాలి చూసి 35కి దింపు. సుద్ద త్రికోణం కిందికి కూడా అరిగితే తక్కువైంది, ఒకటి రెండు ఎక్కించు. త్రికోణం దాకా రానే రాకపోతే ఎక్కువైంది. గేజీ నీదే పట్టుకెళ్లు. ఇద్దరి గేజీలు ఒక మాట మీద ఉండవు, ఇక్కడి మనుషుల్లాగే.

నరసాపురం_లేసు:
బ్రేక్ ఆయిల్ ఒక్కరూ చెప్పలేదేం? డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155కే మరగొచ్చు. మా ఇంట్లో బెల్లం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికి నీరు కారుతుంది. ఆ గాలిలోనే మీ బండి ఏళ్ల తరబడి నిలబడింది. మార్పించండి. నా పెడల్ ఒకసారి నేల దాకా పోయింది, అప్పుడు కాయిలోవర్లు గుర్తు రాలేదు.

కాకినాడ_కాజా:
బ్రేక్ ఆయిల్లో కూడా నైట్రోజన్ పొయ్యమనలేదు నేను. సంతోషమేనా మేష్టారూ?

తణుకు_మేష్టారు:
ఆయ్, మహా సంతోషం.

భీమవరం_బుల్లోడు:
వెళ్లొచ్చానండి! 28తో మొదలెడితే మొదటి విడతకే ముందు కుడి 37, ముందు ఎడమ 39. ఎడమ ముందు టైరు బయటి అంచు గరిటతో గీకినట్టయింది, సుద్ద ఆనవాలే లేదు. గాలి ఎక్కువే ఉన్నా అంచు పోయిందంటే క్యాంబర్ ప్లేట్లు కొనక తప్పేట్టు లేదు. బ్రేకులు నిలబడ్డాయి, లేసుగారికి దణ్ణం. హెల్మెట్ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు, అక్కడ అరువు తీసుకున్నా. ముందు వేసుకున్నాయన ఆముదం రాసుకునే మనిషిలా ఉంది.

రావులపాలెం_అరటి:
మళ్లీ ఎప్పుడెళ్తారు? పక్క సీటు ఖాళీనా? నా హెల్మెట్ నేనే తెచ్చుకుంటాను.