ఏడో ఏట భూమిని కాగితం మీద అమ్మడం సబబేనా?

పొలంగట్టు:
యూదుల ష్మిటా గురించి అడుగుతున్నాను. లేవీయకాండము 25 ప్రకారం ఇశ్రాయేలు దేశంలో ఆరేళ్లు సాగు చేసి ఏడో ఏడు భూమిని బీడు పెట్టాలి. దానంతట అదే కాసింది అందరిదీ. పేదలు తినగా మిగిలింది అడవి జంతువులకు అని నిర్గమకాండము 23:11 చెబుతుంది. ఆ ఏడాది ఆసామి కూడా తన తోటలో అందరిలో ఒకడే! నన్ను కదిలించింది అదే. కానీ 1888-89 ష్మిటా నుంచి 'హెతెర్ మెఖిరా' ఉంది. భూమి యూదులది కాకుంటే ఆ నియమం వర్తించదన్న లెక్కతో, యూదులు కానివారికి దాన్ని తాత్కాలికంగా అమ్మి సాగు ఆపకుండా నడిపిస్తారు. మరి భూమికి విశ్రాంతి ఎక్కడ? ఇది ఆజ్ఞను తప్పించుకోవడమే.

రేగడి నేల:
పొలంగట్టు గారూ, అప్పటి రైతుల స్థితి చూడండి. కొత్తగా వలస వచ్చినవాళ్లు, సాగు ఆపితే పస్తులే. అందుకే కోవ్నో (నేటి లిథువేనియాలోని కౌనస్) రబ్బీ, అంటే యూదు మతగురువు, స్పెక్టర్ ఈ అమ్మకానికి ఒప్పుకున్నారు. యెరూషలేములో పెద్ద రబ్బీలు అప్పుడే వ్యతిరేకించారు. 1909-10లో అప్పటి యాఫా పట్టణపు రబ్బీ కూక్ కూడా దీన్ని కష్టకాలపు వెసులుబాటుగానే సమర్థించారు, ఆదర్శంగా కాదు. మా నాన్న కౌలు రైతు. ఒక్క పంట పోయిన ఏడు మా ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. బీడు పెట్టమని అలాంటి ఇంటికి చెప్పడానికి నాకు నోరు రాదు.

పొలంగట్టు:
ఆ రైతులను నేనూ తప్పు పట్టను. పస్తుల భయం లేని ఈ రోజుల్లోనూ అదే దారి ఎందుకన్నదే నా బాధ. 'ఒత్సర్ బేత్ దిన్' ఉంది కదా! రబ్బీల న్యాయసభ రైతునే పనికి పెట్టుకుని కోత కోయిస్తుంది. పండుకు ధర కట్టదు, కూలీ, రవాణా ఖర్చులే తీసుకుని పంచుతుంది. రైతుకు కూలి దక్కుతుంది, పంట అందరిదిగానే ఉంటుంది.

రేగడి నేల:
పళ్ల తోటలకు సరే. ఏడో ఏట విత్తాల్సిన కూరగాయల మాటేమిటి? టమాటా రైతుకు అందులో చోటు లేదు.

దూరపు కొలువు:
ఇశ్రాయేలులో వృద్ధులను చూసుకునే పనిలో ఉన్నాను. 2021-22 ష్మిటాలో నేను చూసుకునే బామ్మగారు పండ్ల తొక్కలను చెత్తబుట్టలో వేయనిచ్చేవారు కాదు. ఆ ఏటి పంట పవిత్రమట, తినదగ్గది పాడుచేయకూడదట. వేరే డబ్బాలో ఉంచి, కుళ్లాకే పారేయించేవారు. మొదట్లో విసుగొచ్చేది. కొన్నాళ్లకు సగం కొరికిన ఆపిల్ పారేయడానికి నాకే చెయ్యి ఆడేది కాదు. పొలంలో ఏ పద్ధతి సరైనదో చెప్పేంత తెలియదు నాకు. 2028 సెప్టెంబరులో మళ్లీ ష్మిటా మొదలవుతుంది, డబ్బా మాత్రం కడిగి అటక మీద పెట్టాను.